దంతక్షయంలో ఈస్టుల పాత్ర

దంతక్షయం అనగా పంటి గట్టి భాగాలు ఆమ్లాల వలన క్రమంగా కరిగి, గుల్లబారి, గుంటలు పడే వ్యాధి. వాడుక భాషలో దీనిని పిప్పిపన్ను, పుచ్చుపన్ను అని అంటారు. ఈ వ్యాధికి బాక్టీరియా మాత్రమే కారణమని చాలాకాలం భావించారు. నోటిలో నివసించే ఈస్టులు, ముఖ్యంగా కాండిడా ఆల్బికాన్స్ అనే శిలీంధ్రం, బాక్టీరియాతో జతకట్టి పళ్ళను మరింత వేగంగా పుచ్చిపోయేటట్లు చేయగలవని 21వ శతాబ్దపు పరిశోధనలు సూచిస్తున్నాయి. పాలపళ్ళు వచ్చే వయసులోని పిల్లల విషయంలో ఈ అంశానికి ఎక్కువ ప్రాధాన్యం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మందికి శాశ్వత దంతాలలోను, 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపళ్ళలోను చికిత్స అందని దంతక్షయం ఉంది. భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపించిన జాతీయ సర్వేలో 5 ఏళ్ళ పిల్లలలో సుమారు 52 శాతం, 12 ఏళ్ళ పిల్లలలో సుమారు 54 శాతం మందికి పుచ్చుపళ్ళు ఉన్నట్లు తేలింది.

ఈస్టులు అంటే ఏమిటి?

ఈస్టులు శిలీంధ్ర రాజ్యానికి చెందిన ఏకకణ జీవులు. వీటిని తెలుగులో మధుశిలీంధ్రాలు అని కూడా అంటారు. చాలా ఈస్టులు కోరకీభవనం ద్వారా, అనగా తల్లికణం మీద చిన్న మొగ్గ పుట్టి విడిపోవటం ద్వారా వృద్ధి చెందుతాయి. ఈస్టు కణం బాక్టీరియా కణం కంటే ఎన్నో రెట్లు పెద్దది. దానికి స్పష్టమైన కేంద్రకం ఉంటుంది. కాబట్టి నోటిలో ఈస్టుల సంఖ్య బాక్టీరియా సంఖ్యతో పోలిస్తే చాలా తక్కువైనా, వాటి ప్రభావాన్ని సంఖ్యను బట్టి మాత్రమే అంచనా వేయకూడదు.

తాటికల్లును పులియబెట్టే ఈస్టు, రొట్టెల పిండిని పొంగించే ఈస్టు ప్రధానంగా శాకరోమైసిస్ ప్రజాతికి చెందినవి. ఇడ్లీ పిండి పులియటంలో ముఖ్యపాత్ర లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాది. దంతక్షయంతో సంబంధం ఉన్నట్లు భావిస్తున్నవి వీటి నుండి భిన్నమైన కాండిడా జాతులు. కాబట్టి ఇడ్లీ, దోసె వంటి పులిసిన ఆహారం తినటం వలన "ఈస్టు పట్టి" పళ్ళు పుచ్చిపోతాయని అనుకోనవసరం లేదు.

నోటిలో సాధారణంగా కనిపించే కాండిడా జాతులలో ముఖ్యమైనవి:

- కాండిడా ఆల్బికాన్స్ – అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది
- కాండిడా డబ్లినియెన్సిస్ – 1995లో ప్రత్యేక జాతిగా గుర్తించబడినది
- కాండిడా ట్రాపికాలిస్
- కాండిడా పారాప్సిలోసిస్
- కాండిడా గ్లబ్రాటా – ఇటీవలి వర్గీకరణలో దీనిని వేరే ప్రజాతికి మార్చారు

ఆరోగ్యవంతుల నోళ్ళలో కూడా చాలామందికి కాండిడా ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన రోగం ఉన్నట్లు కాదు. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు, లాలాజలం ఎండిపోయినప్పుడు, యాంటీబయాటిక్‌ల వలన పోటీ బాక్టీరియా నశించినప్పుడు, రక్తంలో చక్కెర అదుపు తప్పినప్పుడు ఇది విజృంభించి నోటిలో తెల్లని పూతను కలిగిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో కాండిడా ఆల్బికాన్స్‌ను అత్యంత ప్రాధాన్యం గల వర్గంలో చేర్చారు. అయితే ఆ నిర్ణయానికి కారణం రక్తంలోకి చేరి ప్రాణాంతకమయ్యే ఇన్‌ఫెక్షన్లే గాని దంతక్షయం కాదు.

దంతక్షయం ఏర్పడే విధానం

పంటి పైపొరను ఎనామెల్ లేక పింగాణి పొర అంటారు. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఈ ఖనిజం కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీ అపటైట్ అనే స్ఫటిక పదార్థం. దాని కింద డెంటిన్, లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మృదువైన గుజ్జు ఉంటాయి.

తిన్న తరువాత పళ్ళకు అంటుకున్న పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరలను పులియబెట్టి ఆమ్లాలను తయారుచేస్తాయి. పాచిలోని ఉదజని సూచిక సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామెల్ నుండి ఖనిజం కరగటం మొదలవుతుంది. డెంటిన్ ఇంతకంటే స్వల్పమైన ఆమ్లత్వానికే, అనగా ఉదజని సూచిక 6 దాటి ఉన్నప్పుడే, కరగటం మొదలుపెడుతుంది. చక్కెర తిన్న కొద్ది నిమిషాలలోనే పాచి ఆమ్లయుతమై, లాలాజలం ప్రభావంతో మరల సాధారణ స్థితికి రావటానికి సుమారు అరగంట నుండి గంట వరకు పడుతుందని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ స్టీఫన్ 1940లలో చూపించాడు. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ ఈ విరామంలో పంటికి తిరిగి చేరుతాయి. చక్కెర మాటిమాటికీ నోటిలో పడుతూ ఉంటే ఈ విరామం దొరకదు. అందువలన ఎంత తీపి తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది చాలాసార్లు ముఖ్యమవుతుంది.

చరిత్ర

పళ్ళను పురుగు తింటుందన్న నమ్మకం ప్రాచీన కాలం నుండి అనేక దేశాలలో ఉంది. తెలుగునాట కూడా వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులను రాల్చటం అనే నాటువైద్యం ఉండేది. ఫ్రెంచి దంతవైద్యుడు పియర్ ఫోషార్ 1728లో వెలువరించిన గ్రంథంలో పంటి పురుగు సిద్ధాంతాన్ని తిరస్కరించాడు. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు డబ్ల్యు. డి. మిల్లర్, నోటిలోని సూక్ష్మజీవులు పిండి పదార్థాలను పులియబెట్టగా వచ్చే ఆమ్లమే పళ్ళను కరిగిస్తుందని 1890లో ప్రతిపాదించాడు. 1924లో జె. కిలియన్ క్లార్క్ పుచ్చుపళ్ళ నుండి స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియాను వేరుచేశాడు. సూక్ష్మజీవులు ఏమాత్రం లేని వాతావరణంలో పెంచిన ఎలుకలకు తీపి ఆహారం పెట్టినా దంతక్షయం రాలేదని 1954లో ఓర్లాండ్ బృందం నిరూపించింది.

కాండిడా చరిత్ర వేరుగా సాగింది. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక రోగిలో ఈ శిలీంధ్రాన్ని గమనించి వర్ణించాడు. 1853లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రోబిన్ దీనికి ఆయిడియం ఆల్బికాన్స్ అని పేరు పెట్టాడు. 1923లో డచ్చి శాస్త్రవేత్త క్రిస్టీన్ బెర్కౌట్ కాండిడా అనే ప్రజాతిని ఏర్పరచింది. ఈ రెండు పదాలూ తెలుపును సూచించే లాటిను మాటల నుండి వచ్చినవే.

ఈ చరిత్రలో గోదావరి తీరానికి పరోక్షంగా ఒక సంబంధం ఉంది. కోనసీమకు వశిష్ఠ గోదావరి అవతలి వైపున ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. టెట్రాసైక్లిన్ తరగతిలో ఇదే మొదటి మందు. అనేక రకాల బాక్టీరియాను ఒకేసారి చంపగల ఇటువంటి మందులు లక్షలాది ప్రాణాలను కాపాడాయి. అయితే బాక్టీరియా తొలగిన చోట కాండిడా పెరగటం కూడా వైద్యుల దృష్టికి వచ్చింది. శిలీంధ్రాలను అరికట్టే నిస్టాటిన్‌ను 1950లో ఎలిజబెత్ హేజన్, రేచెల్ బ్రౌన్ కనుగొన్నారు. ఎదిగే వయసులో టెట్రాసైక్లిన్‌లు వాడితే పళ్ళు శాశ్వతంగా రంగు మారుతాయని కూడా తరువాత తేలింది. అందుచేత 8 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ మందులను సాధారణంగా ఇవ్వరు.

బాక్టీరియాతో సహజీవనం

స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్, కాండిడా ఆల్బికాన్స్ రెండూ చక్కెర లేనప్పుడు ఒకదానికొకటి బలంగా అంటుకోవు. పంచదార, అనగా సుక్రోజు, ఉన్నప్పుడు పరిస్థితి మారుతుంది. ఈ సహజీవనం జరిగే క్రమం ఈ విధంగా ఉంటుంది:

- బాక్టీరియా విడుదల చేసే గ్లూకోసిల్ ట్రాన్స్‌ఫెరేజ్ అనే ఎంజైము ఈస్టు కణం పైపొరలోని మానన్ అనే పదార్థానికి అతుక్కుంటుంది.
- అక్కడ ఆ ఎంజైము సుక్రోజు నుండి గ్లూకాన్ అనే జిగురు పదార్థాన్ని తయారుచేస్తుంది. ఈ జిగురు ఈస్టును, బాక్టీరియాను, పంటి ఉపరితలాన్ని కలిపి బంధిస్తుంది.
- కాండిడా సుక్రోజును నేరుగా అంత సమర్థంగా వాడుకోలేదు. బాక్టీరియా దానిని విడగొట్టినప్పుడు వచ్చే గ్లూకోజు, ఫ్రక్టోజులు ఈస్టుకు ఆహారమవుతాయి.
- ఈస్టు తంతువులుగా సాగి పాచికి వాసాల వంటి ఆధారాన్నిస్తుంది. పాచి మందమై, లోపలి ఆమ్లాన్ని లాలాజలం సులభంగా తటస్థీకరించలేని స్థితి వస్తుంది.

ఈ రెండు జీవులనూ కలిపి ఎక్కించి, పంచదార ఉన్న ఆహారం పెట్టిన ఎలుకలలో, ఏదో ఒకదానిని మాత్రమే ఎక్కించిన ఎలుకలలో కంటే దంతక్షయం చాలా తీవ్రంగా ఉన్నట్లు అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2014లో వెల్లడించింది. ఎంజైము మానన్‌కు అతుక్కునే విధానాన్ని 2017లో మరింత వివరంగా తెలియజేశారు. తీవ్ర దంతక్షయం గల చిన్నపిల్లల లాలాజలంలో ఈస్టులు, బాక్టీరియా కలిసిన గుంపులు ఉన్నట్లు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2022లో ప్రకటించారు. విడివిడిగా కదలలేని ఈ జీవులు, గుంపుగా ఏర్పడినప్పుడు ఈస్టు తంతువుల పెరుగుదల వలన పంటి వంటి ఉపరితలం మీద ముందుకు జరుగుతూ విస్తరించాయి. విడి కణాల కంటే ఈ గుంపులు సూక్ష్మజీవనాశకాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

కాండిడా స్వయంగా కూడా ఆమ్లాన్ని తయారుచేయగలదు. చాలా బాక్టీరియా తట్టుకోలేని ఆమ్ల వాతావరణంలో అది జీవించగలదు. హైడ్రాక్సీ అపటైట్‌కు అంటుకోగలదు. డెంటిన్‌లో ఉండే కొల్లాజెన్ వంటి మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములను కూడా స్రవిస్తుంది. లోతైన గుంటలలో, మెత్తబడిన డెంటిన్‌లో ఈస్టులు కనిపించటానికి ఇవి కొంతవరకు కారణాలు కావచ్చు.

పసిపిల్లలలో దంతక్షయం

ఆరేళ్ళలోపు పిల్లల పాలపళ్ళలో ఒక్క పన్ను అయినా పుచ్చినా, పుచ్చినందువలన ఊడినా, సిమెంటు పెట్టించవలసి వచ్చినా దానిని బాల్యారంభ దంతక్షయం అంటారు. ఇది ఎక్కువగా పై ముందుపళ్ళ మీద, చిగుళ్ళ అంచున సుద్ద వంటి తెల్లని చారలుగా మొదలవుతుంది. తరువాత గోధుమ రంగుకు మారి, పన్ను విరిగి మొండిగా మిగులుతుంది. నొప్పి వలన బిడ్డ సరిగా తినడు, నిద్రపోడు, బరువు పెరగడు. చీము పట్టి ముఖం వాచినప్పుడు అత్యవసర చికిత్స అవసరమవుతుంది.

నోటిలో కాండిడా ఆల్బికాన్స్ ఉన్న పిల్లలకు, లేని పిల్లలతో పోలిస్తే ఈ వ్యాధి ఉండే అవకాశం 5 రెట్లకు పైగా ఎక్కువగా ఉన్నట్లు, అంతవరకు వెలువడిన అధ్యయనాలను కలిపి విశ్లేషించిన ఒక సమీక్ష 2018లో తెలిపింది. తల్లి నోటిలోని ఈస్టులు, బాక్టీరియా బిడ్డకు చేరగలవు. గోరుముద్దను తల్లి కొరికి పెట్టటం, అదే చెంచాతో రుచి చూసి బిడ్డకు తినిపించటం ఇందుకు మార్గాలు. అయితే ఇందుకు తల్లిని తప్పుపట్టటం కంటే గర్భిణిగా ఉన్నప్పుడే ఆమె పళ్ళకు చికిత్స చేయించటం మేలు.

"పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా" అన్న అభిప్రాయం సరికాదు. పాలపళ్ళలో వెనుకటి దంతాలు 10 నుండి 12 ఏళ్ళ వయసు వరకు ఉంటాయి. అవి ముందుగానే పోతే వాటి స్థానంలో రావలసిన శాశ్వత దంతాలకు చోటు తగ్గి వంకరగా వస్తాయి.

పెద్దలలో

వృద్ధులలో చిగుళ్ళు కిందికి జారి పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు కాబట్టి తక్కువ ఆమ్లత్వానికే అది కరుగుతుంది. ఇటువంటి వేరు క్షయంలో కూడా కాండిడాను గుర్తించారు. రాత్రులు కూడా తీయకుండా కట్టుడు పళ్ళు పెట్టుకునేవారికి, మధుమేహం ఉన్నవారికి, మెడకు లేక తలకు రేడియేషన్ చికిత్స పొందినవారికి, ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్లు వాడేవారికి నోటిలో ఈస్టులు పెరిగే అవకాశం ఎక్కువ. ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారి నోరు పుక్కిలించాలి.

భిన్నాభిప్రాయాలు

దంతక్షయానికి ఈస్టులు కారణమా, లేక దంతక్షయం వలన ఏర్పడిన ఆమ్ల వాతావరణంలో అవి చేరుతున్నాయా అన్న ప్రశ్నకు పూర్తి సమాధానం లభించలేదు. మనుషులలో జరిగిన అధ్యయనాలలో చాలావరకు ఒకే సమయంలో పరీక్షించి చూసినవే. ఈస్టు, పుచ్చు రెండూ ఒకేచోట కనిపించినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని చెప్పలేము. తరచుగా చక్కెర తినటం ఈ రెంటికీ ఉమ్మడి కారణం కావచ్చు.

కొన్ని పరిస్థితులలో కాండిడా ఆమ్లత్వాన్ని తగ్గించగలదని, అందుచేత పళ్ళకు రక్షణ కూడా కలిగించవచ్చని 2016లో కొందరు శాస్త్రవేత్తలు ప్రయోగశాల ఫలితాల ఆధారంగా వాదించారు. ఎలుకల దంతాలు, ఆహారపు అలవాట్లు మనుషులవాటి వంటివి కావు. కాబట్టి ప్రస్తుతానికి కాండిడాను దంతక్షయానికి మూలకారణంగా కాక, చక్కెర పుష్కలంగా ఉన్నప్పుడు దానిని తీవ్రతరం చేయగల సహకారిగా భావించటం సమంజసం.

కోనసీమ నేపథ్యం

గౌతమి, వశిష్ఠ గోదావరి పాయల మధ్యనున్న డెల్టా ప్రాంతం కోనసీమ. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇందులోని ముఖ్య పట్టణాలు. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఈ ప్రాంతపు ఆహారపు అలవాట్లలో పళ్ళ ఆరోగ్యానికి సంబంధించిన కొన్ని విషయాలు:

తీపి వంటకాలు: కొత్తపేటకు సమీపంలోని ఆత్రేయపురం పూతరేకులకు ప్రసిద్ధి. వీటికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. పల్చని బియ్యపు రేకులో పంచదార పొడి లేక బెల్లం తురుము, నెయ్యి వేసి చుడతారు. మామిడి తాండ్ర, కొబ్బరి లౌజు కూడా ఇక్కడ విరివిగా తింటారు. పండుగనాడు భోజనంతో కలిపి ఒకటి రెండు తిన్నందువలన కలిగే హాని స్వల్పం. తాండ్ర వంటి జిగురు పదార్థాన్ని రోజంతా చప్పరిస్తూ ఉండటం వలన హాని ఎక్కువ.

బెల్లం: పంచదార కంటే బెల్లం పళ్ళకు మంచిదన్న అభిప్రాయం ఉంది. బెల్లంలో కూడా అధికభాగం సుక్రోజే. నోటిలోని సూక్ష్మజీవులకు ఈ రెంటికీ పెద్ద తేడా లేదు.

కొబ్బరినీళ్ళు: వీటిలో సహజమైన చక్కెరలు, స్వల్ప ఆమ్లత్వం ఉంటాయి. పగటిపూట తాగటం వలన ఇబ్బంది లేదు. పాలసీసాలో పోసి నిద్రపోయే బిడ్డ నోటికి అందించకూడదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోవటం వలన చక్కెర పళ్ళ మీదనే నిలిచి ఉంటుంది. పంచదార కలిపిన పాలకు, తీపి సిరప్పు మందులకు కూడా ఇదే వర్తిస్తుంది.

కొబ్బరినూనె: అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పేరుపొందిన కేంద్రం. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. ఇది ప్రయోగశాలలో కాండిడా పెరుగుదలను అరికట్టగలదని తేలింది. ఆయుర్వేదంలో నూనె పుక్కిలించటాన్ని గండూషం అంటారు. అయితే నూనె పుక్కిలించటం వలన దంతక్షయం తగ్గుతుందనటానికి బలమైన ఆధారాలు లేవు. ఇది ఫ్లోరైడ్ పేస్టుకు ప్రత్యామ్నాయం కాదు.

పండుంపుల్లలు: వేపపుల్ల, కానుగపుల్లలతో పళ్ళు తోముకోవటం పల్లెలలో పాత అలవాటు. పుల్ల చివరను బాగా నమిలి కుంచెలా చేసి తోమితే పాచి కొంతవరకు పోతుంది. కచ్చిక, ఇటుకపొడి, బొగ్గుపొడి వంటి గరుకు పదార్థాలు ఎనామెల్‌ను అరగదీస్తాయి.

అమలాపురంలోను, గోదావరి జిల్లాలలోని రాజమహేంద్రవరం, భీమవరంలలోను దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు చేసే ఆరోగ్య పరీక్షలలో దంతక్షయం కూడా ఒక అంశం.

నివారణ

ఈస్టు పాత్ర గురించిన పరిశోధనలు ఎలా పరిణమించినా, నివారణ పద్ధతులు మారలేదు. ఈ సహజీవనానికి ఇంధనం చక్కెర. దానిని తగ్గించటం వలన బాక్టీరియా, ఈస్టు రెండూ బలహీనపడతాయి.

- రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పళ్ళు తోముకోవాలి. మొదటి పన్ను కనిపించినప్పటి నుండి పిల్లలకు తోమాలి. 3 ఏళ్ళలోపు వారికి బియ్యపుగింజంత, 3 నుండి 6 ఏళ్ళ వారికి బఠానీగింజంత పేస్టు చాలు.
- రాత్రి పళ్ళు తోమిన తరువాత మంచినీళ్ళు తప్ప మరేమీ ఇవ్వకూడదు.
- ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. ఇది పళ్ళకే కాక ప్రాణానికి కూడా ప్రమాదం కలిగించవచ్చు.
- ఆహారం ద్వారా లభించే శక్తిలో అదనపు చక్కెరల వాటా 10 శాతం కంటే తక్కువగా ఉండాలని, 5 శాతానికి తగ్గితే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.
- కట్టుడు పళ్ళను రాత్రి తీసి, శుభ్రం చేసి ఉంచాలి.
- వైద్యుని సలహా లేకుండా యాంటీబయాటిక్‌లు వాడకూడదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ప్రకాశం, నల్గొండ వంటి జిల్లాల మెట్ట ప్రాంతాలలో తాగునీటిలో ఫ్లోరైడ్ మితిమీరి ఫ్లోరోసిస్ వ్యాధి కనిపిస్తుంది. అటువంటి చోట్ల పిల్లలకు పేస్టు వాడకం విషయంలో దంతవైద్యుని సలహా తీసుకోవాలి.

చికిత్స

తెల్లని మచ్చ దశలో ఫ్లోరైడ్ పూత, ఆహార నియమాలతో వ్యాధిని ఆపవచ్చు. గుంట పడిన తరువాత పన్ను దానంతట అది పూడదు. పుచ్చును తొలగించి సిమెంటు పెట్టటం, గుజ్జు వరకు చేరితే వేరు చికిత్స చేయటం, తప్పనిసరైతే పన్ను తీయటం చికిత్సా విధానాలు. కదలకుండా కూర్చోలేని చిన్నపిల్లలకు డ్రిల్లింగు లేకుండా పూయగల సిల్వర్ డైఅమీన్ ఫ్లోరైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దీని వలన పుచ్చిన భాగం నల్లబడుతుంది గాని వ్యాధి చాలావరకు ఆగుతుంది.

నోటిలో తెల్లని పూత ఉన్నప్పుడు నిస్టాటిన్ వంటి శిలీంధ్రనాశకాలను వైద్యులు సూచిస్తారు. దంతక్షయానికి మాత్రం ఇవి ప్రామాణిక చికిత్స కాదు. ఈస్టు గురించి విని సొంతంగా ఈ మందులు కొని వాడటం వలన పుచ్చు ఆగదు. పైగా మందులకు లొంగని ఈస్టులు పెరిగే ప్రమాదం ఉంది. ఈస్టుకు, బాక్టీరియాకు మధ్య ఏర్పడే జిగురు బంధాన్ని మాత్రమే తెంచి, నోటిలోని మేలుచేసే సూక్ష్మజీవులకు హాని చేయని మందుల కోసం పరిశోధనలు జరుగుతున్నాయి.